గుర్రాల ట్రైలర్‌కు, పికప్‌కు తీగలు కలిపిన వైనం

ప్లగ్గు సాకెట్‌లో బిగుతుగా కూర్చుందంటే పని అయిపోయినట్టేనని మా బావ లెక్క. ఇంట్లో మిక్సీకి ఆ లెక్క సరిపోతుంది. బండికీ, దాని వెనక కట్టిన ట్రైలర్‌కూ సరిపోదు. ఏడు కన్నాల్లో ఏడు పిన్నులు చక్కగా దూరిన తరువాత కూడా, బ్రేకు తొక్కితే కుడి ఇండికేటర్ వెలగడం, ఎడమకు మీట వేస్తే ఫ్యూజు ఎగిరిపోవడం ఎలా జరుగుతుందో కళ్లారా చూశాను. ఆ చిక్కును ఎలా విప్పామో రాస్తున్నాను. మా వైపు గుర్రాలో, జనరేటరో, డీజే పెట్టెలో వెనక తగిలించుకుని తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరికైనా పనికొస్తుంది.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. రైలెక్కితే కాసేపట్లో బాసర వస్తుంది. 1956కు ముందు ఈ ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే కాబట్టి ఇళ్లలో తెలుగు, దుకాణాల బోర్డుల మీద మరాఠీ, బజారులో రెండూ కలిసి నడుస్తాయి. నాది మోటారు వైండింగ్ దుకాణం. మిర్చి సీజన్‌లో కారం మిల్లుల మోటార్లు, మిగతా కాలంలో బావుల మీది పంపుసెట్లు నా చేతికి వస్తుంటాయి. మూడు ఫేజుల కరెంటుతో ఆడుకునేవాడికి 12 వోల్టుల బ్యాటరీ ఒక లెక్కా అని బావ ఈ పని నాకు అప్పగించాడు. బండి కరెంటుకు దాని తిక్క దానికుంది. దీపం దాకా వెళ్లే తీగ ఒక్కటే ఉంటుంది. తిరిగి బ్యాటరీకి వచ్చే దారి బండి ఇనుమే. సగం చిక్కులు అక్కడే పుడతాయి.

బావ వాళ్లది బిలోలీ. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు నడపడం వాళ్ల నాన్న కాలం నుంచీ ఉన్న వృత్తి. తెల్లటి నుక్రా ఆడగుర్రాలు రెండు, చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేలా ఉండే మార్వాడీ గుర్రం ఒకటి ఉన్నాయి. ఇదివరకు వాటిని పికప్ తొట్టిలోనే నిలబెట్టి తీసుకెళ్లేవాళ్లు. అంత ఎత్తు నుంచి దింపుతుండగా ఒక ఆడగుర్రానికి ముందు కాలు బెణికింది. అది కుదుటపడే దాకా అక్క పెట్టిన పోరు పడలేక బావ ట్రైలర్ వెతకడం మొదలుపెట్టాడు. పుణె వైపు ఒక గుర్రాల ఫారం వాళ్లు రెండు గుర్రాలు పట్టే పాత ట్రైలర్ అమ్ముతుంటే బేరమాడి కొన్నాడు. నేలకు దగ్గరగా ఉండే అడుగు, కిందికి వాల్చితే ఎక్కుడు పలకగా మారే వెనక తలుపు, మధ్యలో గుర్రాలను విడదీసే అడ్డు, కింద మందపాటి రబ్బరు పరుపు. వస్తువు మంచిదే. కాగితాలూ సవ్యంగా ఉన్నాయి. ట్రైలర్‌కు రిజిస్ట్రేషన్ వేరు, నంబరు ప్లేటు వేరు. ఆ ప్లేటుకూ ఒక చిన్న దీపం ఉంది. అమ్మినవాళ్లే తమ బండికి తగిలించి తెచ్చి దింపి వెళ్లారు. దారంతా ఆ బండి వెనక ట్రైలర్ లైట్లు వెలుగుతూనే వచ్చాయని బావ చెప్పాడు. ఈ మాట తరువాత నాకు బాగా అక్కరకు వచ్చింది.

మొదటి తేడా చూడగానే తెలిసిపోయింది. ట్రైలర్ ప్లగ్గుకు 13 పిన్నులు. మా పికప్ వెనక ఉన్న సాకెట్‌కు 7 కన్నాలు. 13 పిన్నుల రకం యూరప్ పద్ధతి. ఐఎస్ఓ 11446 అనే ప్రమాణం ప్రకారం తయారవుతుంది. 7 పిన్నులది అంతకన్నా పాతది, ఐఎస్ఓ 1724. ఈ రెంటికీ ఒక మంచి ఒప్పందం ఉంది: 13 పిన్నుల దానిలో మొదటి ఏడూ పాత ఏడు పిన్నుల పనులే చేస్తాయి. 1 ఎడమ ఇండికేటర్, 2 వెనక ఫాగ్ లైటు, 3 ఎర్త్ (అంటే కరెంటు తిరిగి వచ్చే దారి), 4 కుడి ఇండికేటర్, 5 కుడి పార్కింగ్ లైటు, 6 బ్రేకు, 7 ఎడమ పార్కింగ్ లైటు. ఆపైన 8 రివర్స్ లైటు; 9లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది; 10లో తాళం తిప్పితేనే వస్తుంది; 11, 13 ఆ రెంటికీ తిరుగు దారులు. అందుకే 13 నుంచి 7కు మార్చే అడాప్టర్ దొరుకుతుంది. లోపల మాయేమీ ఉండదు, మొదటి ఏడు పిన్నులను నేరుగా ముందుకు పంపిస్తుంది, మిగతావాటిని వదిలేస్తుంది. బావ దాన్ని తెప్పించాడు, తగిలించాడు, గట్టిగా తిప్పి బిగించాడు.

ట్రైలర్ ఇంకా పికప్ కొక్కేనికి ఎక్కలేదు. ముందు చక్రం మీద విడిగా నిలబడి ఉంది, కేబుల్ మాత్రమే కలిపారు. బావ ఎడమ ఇండికేటర్ వేశాడు. ట్రైలర్ ఎడమ ఇండికేటర్ ఠంచనుగా కొట్టుకుంది. దాంతోపాటు కుడి ఇండికేటర్ కూడా కాస్త మసకగా కొట్టుకుంది. కుడి పార్కింగ్ లైటు, నంబరు ప్లేటు దీపం కూడా జత కలిశాయి. వెనకంతా పెళ్లి పందిరిలా మినుకుమినుకుమంటుంటే బావ కొడుకు చప్పట్లు కొట్టాడు.

"ఎడమది వెలుగుతోంది కదా, మిగతావి కొద్దిగా సర్దితే చాలు" అన్నాడు బావ.

తరువాత ట్రైలర్‌ను కొక్కెం మీదికి ఎక్కించి మళ్లీ ఎడమ మీట వేశాడు. టక్కుమని ఫ్యూజు పోయింది. మా పికప్‌లో ఇండికేటర్లన్నిటికీ ఫ్యూజు ఒకటే కాబట్టి కుడి వైపూ చీకటే. కొత్త ఫ్యూజు వేసి కుడి మీట వేస్తే ట్రైలర్ కుడి పార్కింగ్ లైటు కన్ను కొట్టింది. పార్కింగ్ లైట్లు వేస్తే ట్రైలర్ బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగి అలాగే ఉండిపోయాయి, ఫాగ్ లైటు కూడా. బ్రేకు తొక్కితే కుడి ఇండికేటర్ నిలకడగా వెలిగింది. ఈ అవతారంతో రాత్రి పూట రోడ్డెక్కితే వెనక వచ్చే లారీవాడు ఏమనుకుంటాడు? మనం ఎప్పుడూ బ్రేకు మీదే ఉన్నామనుకుంటాడు. నిజంగా బ్రేకు వేసినప్పుడు కుడికి తిరుగుతున్నామనుకుని ఎడమ నుంచి దూసుకొస్తాడు. లోపల రెండు ప్రాణాలు నిలబడి ఉంటాయి.

బావ ముందుగా ఊళ్లోని ఒక మెకానిక్‌కు చూపించాడు. ట్రైలర్ వైరింగ్ మొత్తం పీకి కొత్తది వేయాలని ఆయన తేల్చాడు. అప్పుడే నాకు ఫోను వచ్చింది. వేరే బండి వెనక పుణె నుంచి ఇక్కడి దాకా వెలిగిన ట్రైలర్‌కు మా వాకిట్లోకి రాగానే జబ్బు ఎందుకు చేస్తుంది? పీకాల్సి వస్తే ముందు అనుమానించాల్సింది పికప్‌నే.

నా దగ్గర మల్టీమీటర్ ఉంది. అయినా ఈ పనికి టెస్ట్ ల్యాంపే మేలు. ఒక 12 వోల్టుల బల్బు, రెండు తీగలు, ఒక చివర మొసలి క్లిప్పు, ఇంకో చివర మొనదేలిన కడ్డీ. మీటర్ తుప్పు పట్టిన కొసలో కూడా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది, ఎందుకంటే అది లాగే కరెంటు అత్యల్పం. బల్బు అలా కాదు, దానికి కడుపు నిండా కరెంటు కావాలి; దారి ఎక్కడైనా ఇరుకైతే మసకబారి చెప్పేస్తుంది. క్లిప్పును నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టాను. బండి ఇనుముకు పెట్టలేదు, ఎందుకంటే ఇనుమునే అనుమానించే రోజు అది. ట్రైలర్ కేబుల్ తీసేసి, బావను సీట్లో కూర్చోబెట్టి, ఒక్కొక్క కన్నంలో కడ్డీ పెడుతూ ఏ మీట వేస్తే ఏ కన్నంలో దీపం వెలుగుతుందో రాసుకున్నాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సాకెట్‌ను ఎదురుగా చూస్తే అంకెలు ఒక వరుసలో ఉంటాయి. విప్పి వెనక స్క్రూల వైపు నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ప్లగ్గుదీ అదే కథ. అందుకే బొమ్మ చూసి చేయకూడదు. ప్రతి స్క్రూ పక్కనా నల్లటి ప్లాస్టిక్‌లో ఉబ్బెత్తుగా చిన్న అంకె ఉంటుంది. నల్లని దాని మీద నల్లని అంకె, పైగా మట్టి. పాత టూత్ బ్రష్షుతో రుద్ది, సుద్దముక్క రాస్తే తెల్లగా తేలుతుంది.

కాగితం మీద తేలింది ఇది: 1లో ఏ మీటకూ వెలుగు లేదు, క్లిప్పును పాజిటివ్‌కు మార్చి ముడితే వెలిగింది, అంటే అది ఎర్త్. 2 ఎడమ పార్కింగ్. 3 ఎడమ ఇండికేటర్. 4 బ్రేకు. 5 కుడి ఇండికేటర్. 6 కుడి పార్కింగ్. 7 ఖాళీ. సాకెట్ విప్పి చూస్తే లోపల ఉన్నవి ఇంటి వైరింగ్ ముక్కలు, అన్నీ ఎరుపు, నలుపులే. రంగులను నమ్ముకునేవాడు అక్కడే ఏడుస్తాడు.

గందరగోళమైతే గజిబిజిగా ఉండాలి. ఇది అలా లేదు, ఏదో పద్ధతి కనిపిస్తోంది. ఎడమవి పక్కపక్కన, కుడివి పక్కపక్కన, మధ్యలో బ్రేకు. తెలిసిన చేయే వేసింది. నర్సీ చౌరస్తా దగ్గర హైదరాబాద్ వెళ్లే లారీలకు వైరింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నాడు, అందరూ చాచా అంటారు. స్టార్టర్ మోటార్లు రీవైండింగ్‌కు నా దగ్గరికే పంపిస్తాడు. కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు పైకి నెట్టి ఒక్కసారి చూశాడు.

"ఇది లారీ లెక్క బేటా. ఒకటి ఎర్త్, రెండు మూడు ఎడమ పక్క, నాలుగు బ్రేకు, ఐదు ఆరు కుడి పక్క. మా పెద్ద ట్రైలర్లన్నీ ఇలాగే ఉంటాయి. నీ పికప్‌కు ఈ సాకెట్ వేసినవాడు లారీల దగ్గర పని నేర్చుకున్నవాడు."

అంతే సంగతి. 24 వోల్టుల భారీ వాహనాలకు ఐఎస్ఓ 1185 అనే వేరే ప్రమాణం ఉంది. దానిలోనూ ఏడే పిన్నులు, పనులూ దాదాపు అవే, కానీ వరుస వేరు. అక్కడ ఎర్త్ 1, ఇక్కడ ఎర్త్ 3. రంగులు మాత్రం రెండింట్లోనూ ఒకటే: ఎర్త్ తెలుపు, ఎడమ ఇండికేటర్ పసుపు, కుడిది ఆకుపచ్చ, బ్రేకు ఎరుపు, ఎడమ పార్కింగ్ నలుపు, కుడిది గోధుమ. మా పికప్‌లో సాకెట్ చిన్న బండిది, తీగలు బిగించిన చేయి లారీది.

ఈ ముడి తెలిశాక పాత లక్షణాలన్నీ వాటంతటవే విడిపోయాయి. ట్రైలర్ ఎర్త్ మొత్తం వచ్చి మా ఎడమ ఇండికేటర్ తీగకు తగులుతోంది. ట్రైలర్ విడిగా రబ్బరు చక్రం మీద నిలబడ్డప్పుడు ఎడమ మీట వేస్తే దాని ఇనుమంతటికీ కరెంటు ఎక్కి, ఎడమ ఇండికేటర్ బల్బులోంచి తలకిందులుగా పారి, మా ఎర్త్‌కు చేరుతోంది. ఫిలమెంట్ బల్బుకు ఏ వైపు నుంచి పారినా ఒకటే, వెలుగుతుంది. అందుకే ఎడమది "సరిగ్గా" పని చేసింది! మిగతా బల్బులు తమకు దొరికిన అడ్డదారుల్లో, పికప్ బల్బుల్లోంచి దూరి, మసకగా జత కలిశాయి. కొక్కెం ఇనుముకు ఇనుము తగిలిన క్షణంలో అదే కరెంటు బల్బు ఊసు లేకుండా నేరుగా బండికి దిగి ఫ్యూజును కాల్చింది. నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. ఎడమ ఇండికేటర్ ఒక్కటే సరిగ్గా ఉందని బావ అనుకున్నాడు, జబ్బంతా దానిలోనే ఉంది.

ఏది మార్చాలన్న దగ్గర ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. బావకు ఒక డీజే ట్రాలీ కూడా ఉంది. పెళ్లిళ్లలో గుర్రం ముందు, ట్రాలీ వెనక. దానికి వైరింగ్ చేసింది కూడా ఆ లారీ చేయే, కాబట్టి అది ఈ సాకెట్‌తో చక్కగా వెలుగుతోంది.

"నడుస్తున్నదాన్ని కదపొద్దు. కొత్తగా వచ్చింది ట్రైలరే, దాన్నే మార్చు" అన్నాడు.

"రేపు ఆ ట్రైలర్‌ను ఇంకొకరి బండికి తగిలించాల్సి వస్తే ఏం చేస్తావు బావా? పెళ్లి రోజు పికప్ మొరాయిస్తే?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

"అప్పుడు నన్నే పిలుస్తావు. అది కూడా అర్ధరాత్రి."

అక్క వంటింట్లోంచి నా పక్షం పలికింది. మధ్యేమార్గంగా వరుస మార్చే అడాప్టర్ ఒకటి కట్టవచ్చు. నేను ఒప్పుకోలేదు. అది ఎక్కడో మర్చిపోతారు, లేదా డీజే ట్రాలీకి పెట్టేస్తారు. పికప్‌నూ, ట్రాలీనీ రెంటినీ చిన్న బండ్ల ప్రమాణానికి మార్చడం, ట్రైలర్ జోలికి పోకపోవడం నా తీర్పు. ట్రాలీలో ఉన్నవి నాలుగు దీపాలే కాబట్టి అదేమంత పని కాదు.

పాత ఇంటి తీగలన్నీ తీసేశాను. లోపల ఒక్కటే లావుపాటి రాగి తంతి ఉన్న తీగ బండికి పనికిరాదు, అదురుకు స్క్రూ దగ్గర విరుగుతుంది. సన్నటి పోగులు చాలా ఉండే ఆటో వైరు కావాలి. దీపాలకు 1.5 చదరపు మిల్లీమీటర్లది, ఎర్త్‌కు 2.5ది తీసుకున్నాను. రంగులు పుస్తకం ప్రకారమే, తరువాత వచ్చేవాడికి తెలియాలి కదా. కొసలకు లగ్గులు, అంటే బిగించే లోహపు బిళ్లలు, నొక్కి, స్లీవు ఎక్కించి వేడి చేసి, సాకెట్ వెనక రబ్బరు మూతలోంచి తీగలు కిందివైపు నుంచి వచ్చేలా వంచాను. పై నుంచి వస్తే వాన నీరు తీగ వెంట జారి నేరుగా లోపలికి చేరుతుంది.

లెక్క కూడా ఒకసారి చూసుకోవాలి. ట్రైలర్ బ్రేకు బల్బులు 21 వాట్లవి రెండు, అంటే 42 వాట్లు, 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు. పికప్ సొంత బ్రేకు లైట్లు కలిస్తే ఏడు. 10 ఆంపియర్ల ఫ్యూజు తట్టుకుంటుంది. ఇండికేటర్ల సంగతి వేరు. వాటిని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్ మీద రెండు 21 వాట్ల బల్బులకే అని రాసి ఉంది. మూడోది చేరేసరికి తాళం తప్పింది. ట్రైలర్‌ను లెక్కలోకి తీసుకున్న పెద్ద ఫ్లాషర్ వేస్తే కుదిరింది. మా పికప్ పాతది కాబట్టి ఇంతటితో పోయింది. లైట్లను కంప్యూటర్ నడిపే కొత్త బండ్లలో మాత్రం ఇలా పార్కింగ్ లైటు తీగను గీరి ముడి వేయకూడదు. ట్రైలర్‌కు కరెంటు బ్యాటరీ నుంచి విడిగా తీసుకుని, బండి తీగల నుంచి సైగ మాత్రమే అందుకునే రిలే పెట్టె ఒకటి మధ్యలో పెట్టాలి. లేకపోతే పోయేది రూపాయల ఫ్యూజు కాదు, వేల రూపాయల పెట్టె.

అన్నీ కలిపి చూస్తే వరుస కుదిరింది, కానీ కుడి బ్రేకు లైటు ఎడమదాని ముందు వెలవెలబోయింది. అద్దం విప్పి బల్బు చేతిలోకి తీసుకున్నాను. ఇత్తడి టోపీ మీద సన్నటి అక్షరాలు: 24 వోల్టులు, 21 వాట్లు. దారిలో ఎక్కడో బల్బు మాడితే హైవే దుకాణంలో లారీ బల్బు కొని పెట్టినట్టున్నారు. బుడ్డీ అదే, పిన్నులు అవే, పట్టేస్తుంది. సగం వోల్టేజీ మీద దాని శక్తి నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే. పగటి వెలుగులో వెలిగినట్టే తెలియదు. మార్చాక రెండు కళ్లూ సమానమయ్యాయి.

ఇక ఎర్త్. కొక్కెం మీద ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉండేవి, గుంతలో పడితే మాత్రం బ్రేకు తొక్కినప్పుడు పార్కింగ్ లైట్లు తగ్గి, ఇండికేటర్ల లోపల చిన్న నిప్పురవ్వ కనిపించేది. బ్రేకు తొక్కితే ఇంకో దీపం చలించిందంటే నేరుగా ఎర్త్ దగ్గరికి వెళ్లాలి, వేరే ఏదీ వెతకక్కర్లేదు. తిరుగు దారి మూసుకుపోతే కరెంటు పక్క బల్బుల్లోంచి దారి వెతుక్కుంటుంది. అప్పటిదాకా ట్రైలర్ ఎర్త్ కొక్కెం గుండు మీదుగా నడిచింది. గుండు మీద గ్రీజు ఉంటుంది, ఉండాలి కూడా, దాన్ని నమ్ముకుని దీపాలు వెలిగించడం కుదరదు. తెల్ల తీగ ట్రైలర్ చాసిస్‌కు బిగిసే బోల్టు వెతికితే, వెనక మూలన, సరిగ్గా గుర్రం మూత్రం జారే చోట ఉంది. లగ్గు మీద పచ్చటి పొడి గడ్డకట్టి ఉంది. గుర్రం మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా రాగినీ, ఇత్తడినీ అలా తినేస్తుంది. ఆ పైన రోజూ నీళ్లు కొట్టి కడుగుతారు. బోల్టును ముందు వైపుకు, ఎత్తుకు మార్చి, పెయింటు గీకి, నక్షత్రపు వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు పూశాను. తీగలన్నిటినీ అడుగు నుంచి తీసి, పక్క గోడ పైభాగాన ఇనుప గొట్టంలో నడిపించాను. ప్లాస్టిక్ గొట్టం వేస్తానంటే బావ నవ్వాడు. కట్టేసిన గుర్రానికి పొద్దుపోకపోతే నోటికి అందింది కొరుకుతుందట. పాత కేబుల్ మీద పళ్ల గాట్లు చూపించాడు కూడా.

కేబుల్ పొడవు విషయంలో చాచా చెప్పిన పద్ధతే పాటించాం. ఖాళీ ట్రైలర్‌తో మైదానంలో స్టీరింగ్ ఒక వైపు చివరి దాకా, తరువాత రెండో వైపు చివరి దాకా తిప్పి, ఎక్కడా లాగకూడదు, ఎక్కడా నేలకు రాసుకోకూడదు. ట్రైలర్ ఊడితే బ్రేకు పడేలా చేసే ఉక్కు తాడు వేరే ఉంటుంది. దాన్నీ కేబుల్‌నూ కలిపి టేపు చుట్టేవాళ్లను చూశాను. రెండూ వేర్వేరుగా వేలాడాలి.

మార్గశిర బహుళ చతుర్దశికి లోహా తాలూకా మాళెగావ్‌లో ఖండోబా జాతర మొదలవుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు దూరదూరాల నుంచి వస్తాయి. బావ ఏటా వెళ్తాడు, కొన్నా కొనకపోయినా చూసి రావాలి. ఈసారి ట్రైలర్‌తో బయలుదేరాం. కదిలే ముందు నేను వెనక నిలబడి ఒక్కొక్కటీ చూశాను, ఆ తరువాత పార్కింగ్, ఇండికేటర్, బ్రేకు మూడూ ఒకేసారి వేయించాను. విడివిడిగా బాగున్న వైరింగ్ కూడా ఎర్త్ బలహీనంగా ఉంటే ఈ మూడింటి బరువుకు తడబడుతుంది. ఏదీ చలించలేదు. నర్సీ దాటాక చెరకు ట్రాక్టర్ల వరుస తగిలింది. రెండేసి ట్రాలీలు, వెనక ఒక్క ఎర్ర దీపం కూడా లేదు. వాటి వెనక మా ట్రైలర్ నిండు దీపాలతో వెళ్తుంటే బావకు కాస్త గర్వంగానే ఉన్నట్టుంది, అద్దంలో మాటిమాటికీ చూసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో వచ్చింది చిక్కు, అదీ కరెంటుదే. చీకటి పడ్డాక చిన్న ఆడగుర్రం ట్రైలర్ ఎక్కనని మొండికేసింది. ముంగాళ్లు పలక మీద పెడుతుంది, లోపలికి చూస్తుంది, చెవులు వెనక్కి వాల్చి దిగిపోతుంది. వెలుగులోంచి చీకట్లోకి చూపు సర్దుకోవడానికి గుర్రం కంటికి మనకన్నా ఎక్కువ సేపు పడుతుంది. దానికి అది లోపల ఏముందో తెలియని గుహే. ట్రైలర్ లోపల దీపం ఉంది, కానీ అది 9వ పిన్ను మీద నడిచేది. ఏడు పిన్నుల అడాప్టర్ దాన్ని ముందే వదిలేసింది. చివరికి ముందు కిటికీలోంచి ఫోను టార్చి పట్టుకుని, శనగల పళ్లెం చూపిస్తే ఎక్కింది.

ఇంటికి వచ్చాక బ్యాటరీ నుంచి పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి ఒక విడి లైను లాగి, రెండు పిన్నుల చిన్న ప్లగ్గుతో లోపలి దీపానికి ఇచ్చాను. బావకు అది నచ్చలేదు. రెండు ప్లగ్గులు పెట్టడం, తీయడం తలనొప్పి అంటాడు. పైగా రివర్స్‌లో వెళ్లేటప్పుడు వెనక తెల్ల దీపం కూడా కావాలట, అది 8వ పిన్ను. ఏడు కన్నాల సాకెట్ తీసేసి పికప్‌కు కూడా 13దే పెట్టమని ఇప్పుడు ఆయనే వెంటపడుతున్నాడు. డీజే ట్రాలీ ఏడు పిన్నుల ప్లగ్గుకు తిరుగు అడాప్టర్ కావాలి. అదీ, సాకెట్టూ రెండూ పుణె నుంచి తెప్పిస్తున్నాం.